పాత రైస్ మిల్లు ఇంజన్లతో ఊళ్లో మ్యూజియం పెడదామంటే పంచాయతీ డబ్బులు వాడొచ్చా?

డెల్టా_కుర్రోడు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మాది కృష్ణా డెల్టా, తెనాలికి దగ్గర్లో కాలవ పక్కన ఊరు. మా తాతగారికి రైస్ మిల్లు ఉండేది. అది ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది కానీ లోపల సామాను ఎక్కడిదక్కడే ఉంది. ఇంగ్లండు నుంచి వచ్చిన రస్టన్ ఇంజను ఒకటి, మనిషెత్తు ఫ్లైవీలు (ఇంజను తిరగడం నిలకడగా ఉంచే బరువు చక్రం) దానికి, రెండు హల్లర్లు (వడ్ల పొట్టు తీసే మిషన్లు), పైన దూలాలకి బిగించిన షాఫ్టు, దాని మీద చెక్క పుల్లీలు, తోలు బెల్టులు. మూడేళ్ల కిందట నాన్న పోయాక పాత ఇనుం కొనేవాళ్లు వచ్చి కేజీ 32 లెక్కన మొత్తం లేపేస్తాం అన్నారు, అమ్మ కూడా ఇచ్చేద్దాం రా ఎందుకు అంది. గ్యాస్ కటింగు వాడు సిలిండరు దించాక నేను వెళ్లి ఆపేశాను. అంతకు ముందు నాకు వాటి మీద పెద్ద ఇష్టం ఉందని కాదు, కానీ ఆ ఫ్లైవీలు మీద కటింగుకి చాక్‌పీసుతో గీత గీసి ఉండటం చూశాక ఇంక ఇవ్వబుద్ధి కాలేదు.

అప్పట్నుంచి చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట్లో ఏముందో అడుగుతూ తిరుగుతున్నా. లిస్టర్ మోడల్ ఆయిల్ ఇంజన్లు నాలుగు దొరికాయి (ఒకటే ఒరిజినల్ ఇంగ్లండుది, మిగతా మూడూ రాజ్‌కోట్‌లో చేసినవి), ఒక పెట్టర్, ఒక కిర్లోస్కర్, ఎద్దులు తిప్పే ఇనప చెరుకు గానుగ, ఒక ఏతం కొయ్య, చేత్తో తిప్పే తూర్పారబట్టే మిషను, ఇంకా ఇంటర్నేషనల్ బి-275 ట్రాక్టరు ఒకటి, దాని టైర్లు మట్టిలో కూరుకుపోయి ఉన్నాయి కానీ ఇంజను తిరుగుతోంది. మొత్తం 19. లిస్టర్లు రెండు నేనే స్టార్ట్ చేశాను, హ్యాండిలు కొట్టి వాల్వు వదలగానే ఆ టుక్ టుక్ మొదలవుతుంది చూడండి, పక్క వీధిలో ముసలాళ్లు లేచి వచ్చేశారు. ఒకాయన చిన్నప్పుడు ఆ శబ్దాన్ని బట్టి ఎవరి చేలో ఇంజను ఆడుతోందో చెప్పేవాళ్లం అన్నాడు.

ఇప్పుడు సమస్య ఏంటంటే మిల్లు స్థలం ఉమ్మడిది, బాబాయిలు అమ్మేద్దాం అంటున్నారు, వాళ్లనీ తప్పు పట్టలేను. ఊళ్లో పాత పంచాయతీ ఆఫీసు ఉంది, సచివాలయం కట్టాక ఖాళీగా పడి ఉంది, మూడు గదులు, వరండా, వెనక ఏడెనిమిది సెంట్ల ఖాళీ. అక్కడ పెడదామని నా ఆశ. సర్పంచ్ గారు మంచిదే కదా అంటారు, కార్యదర్శి గారేమో మ్యూజియానికి మనకి హెడ్డే లేదండీ, ఏ పద్దులో రాయమంటారు, రేపు ఆడిట్‌లో నేను జవాబు చెప్పుకోవాలి అంటారు. నిజంగా రూల్ ఒప్పుకోదా? ఏ ఫండ్ అడగాలి? ముందు సొసైటీ రిజిస్టర్ చేయించాలా? తెలిసినవాళ్లు చెప్పండి. స్క్రాప్ వాళ్లు మాత్రం నెలకోసారి ఫోన్ చేస్తూనే ఉన్నారు.

—

కాలవగట్టు:

తప్పుగా అనుకోకండి బ్రదర్, మీ కష్టం అర్థమైంది. కానీ మా ఊళ్లో వర్షం పడితే ఎస్సీ కాలనీ వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు, మూడేళ్లుగా డ్రైన్ కోసం గ్రామసభలో అడిగి అడిగి మా అమ్మ నోరు నొప్పి పుట్టింది. అదే గ్రామసభలో ఎవరో లేచి పాత ఇంజన్లకి షెడ్డు కావాలి అంటే నేనైతే చెయ్యెత్తను. మీ ఊళ్లో ఆ పరిస్థితి లేదేమో, ఉంటే మాత్రం ముందు అది చూడండి. డబ్బున్న కంపెనీలని అడగండి, ఎంపీని అడగండి, పంచాయతీ సొమ్ము మీద చెయ్యి వెయ్యకండి.

—

రిటైర్డ్_కార్యదర్శి:

బాబూ, 31 ఏళ్లు పంచాయతీల్లో పని చేసి దిగిపోయినవాణ్ణి. మీ కార్యదర్శి భయపడటంలో తప్పు లేదు, హెడ్డు లేకుండా రాస్తే రికవరీ ఆయన జీతంలోంచే పడుతుంది. కానీ హెడ్డు లేదు అన్నది మాత్రం సరి కాదు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చినప్పుడు పంచాయతీలకి 29 అంశాలు ఇచ్చారు, పదకొండో షెడ్యూల్ తీసి చూడండి, అందులో 20వది గ్రంథాలయాలు, 21వది సాంస్కృతిక కార్యక్రమాలు, చిట్టచివరిది సామాజిక ఆస్తుల నిర్వహణ. మీ పని 21లోకీ 29లోకీ వస్తుంది. కాగితం మీద "మ్యూజియం నిర్మాణం" అని రాయొద్దు, "పాత పంచాయతీ భవనం మరమ్మతు, గ్రామ సాంస్కృతిక కేంద్రంగా వినియోగం" అని రాయండి, నిజంగా చేసేది కూడా అదే కదా, అబద్ధం ఏమీ లేదు.

ఇక డబ్బు సంగతి. ఆర్థిక సంఘం గ్రాంటు వస్తుంది కదా, 15వ సంఘం లెక్కలో 2021-22 నుంచి 60 శాతం టైడ్, అంటే తాగునీరు, పారిశుధ్యం తప్ప ఇంకో దానికి ముట్టుకోకూడదు. మిగతా 40 శాతం అన్‌టైడ్, అది ఊరి అవసరాన్ని బట్టి ఆ 29 అంశాల్లో దేనికైనా పెట్టొచ్చు, జీతాలకీ ఆఫీసు ఖర్చులకీ మాత్రం పెట్టకూడదు. 2026-27 నుంచి 16వ సంఘం లెక్క కాబట్టి కొత్త మార్గదర్శకాలు కార్యదర్శి దగ్గర కూర్చుని చదవండి, పాత శాతాలు నమ్ముకుని ఎస్టిమేట్ వేయకండి.

పైన తమ్ముడు డ్రైన్ గురించి అన్నాడు, న్యాయమైన మాట. డ్రైన్లకి, నీళ్లకి టైడ్ సొమ్ము ఉంది కాబట్టి మీ షెడ్డు దాన్ని తినదు. కానీ అన్‌టైడ్‌లో కూడా వీధి లైట్లు, లింకు రోడ్లు, శ్మశానం గోడ ఇవన్నీ క్యూలో ఉంటాయి. అందుకే నేను చెప్పేది, పంచాయతీని పెద్ద డబ్బు అడగొద్దు. పైకప్పు అడగండి, కరెంటు మీటరు అడగండి, గేటు అడగండి. అంతే. ఇంజన్ల రిపేరు, రంగులు, బోర్డులు మీరు బయట తెచ్చుకోండి.

ఆర్డర్ ఎలా అంటే ముందు గ్రామసభలో పెట్టించి తీర్మానం రాయించండి, తీర్మానం నంబరు, తేదీ నోట్ చేసుకోండి. తర్వాత ఆ పని జీపీడీపీలో, అంటే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఎక్కాలి, ఈ-గ్రామ్‌స్వరాజ్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లో ప్లాన్‌లో లేని పనికి బిల్లు పెట్టడం కుదరదు, ఇక్కడే చాలామంది ఏడాది పోగొట్టుకుంటారు. ప్లాన్ తయారీ హడావిడి అక్టోబరు 2 నుంచి మొదలవుతుంది, దానికి ముందే మీ కాగితం సిద్ధంగా ఉండాలి. పంచాయతీ రాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి ఎస్టిమేట్ వేస్తాడు, పని అయ్యాక కొలతలు ఎం-బుక్‌లో రికార్డు చేస్తాడు. ఆయన్ని ఒకసారి తీసుకెళ్లి మీ ఫ్లైవీలు చూపించండి, ఫ్లోరింగు మామూలు కాంక్రీటు వేస్తే అది మోయలేదు, ఎస్టిమేట్‌లోనే బెడ్డు మందం రాయించుకోవాలి.

భవనం పంచాయతీ పేరు మీదే ఉండనివ్వండి, సొసైటీ పేరుకి మార్పించుకోవాలని చూడకండి, ఊళ్లో గొడవ అక్కడే మొదలవుతుంది. నిర్వహణ మాత్రం సొసైటీకి అప్పగిస్తూ ఒప్పందం రాసుకోండి. సొసైటీ అవసరమే, 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు ఉంటే రిజిస్టర్ అవుతుంది. ఏడుగురూ మీ ఇంటివాళ్లే కాకుండా చూడండి, అవతలి పార్టీ వాళ్లు ఇద్దరు తప్పకుండా ఉండాలి. సర్పంచ్ మారినా మీ తాళం మారకూడదు.

ఎంపీ నిధులు అడగొచ్చు, ఏడాదికి 5 కోట్లు ఉంటాయి, ఆయన సిఫార్సు చేస్తే మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. ప్రైవేటు వ్యక్తి స్థలంలో అది పెట్టరు, మీ మిల్లు స్థలం అయితే ఆశ వదులుకోండి, పంచాయతీ స్థలం కాబట్టి అడగొచ్చు. కేంద్ర సాంస్కృతిక శాఖకి మ్యూజియం గ్రాంటు పథకం కూడా ఉంది, రిజిస్టర్ అయిన సొసైటీలూ, ట్రస్టులూ, స్థానిక సంస్థలూ అప్లై చేసుకోవచ్చు, కానీ వాళ్లు ప్రాజెక్టు రిపోర్టు, వస్తువుల జాబితా, ఆడిట్ లెక్కలు అన్నీ అడుగుతారు, మీరు నిన్న మొన్న పుట్టిన సొసైటీతో వెళ్తే పని అవ్వదు. రెండు మూడేళ్లు లెక్కలు శుభ్రంగా రాసుకుని అప్పుడు వెళ్లండి.

—

మోటబాయి:

తమ్మీ మాది జగిత్యాల దిక్కు. నువ్వు చేసేదే మేం ఏడేండ్ల కింద చేసినం, అందుకే నీ పోస్టు చూడంగనే రాస్తున్న. మా దగ్గర మిల్లు సామాను కాదు, ఎడ్లతోని బాయి నీళ్లు తోడే మోట సామాను. తోలు తొండం, గిరక, మోట తాళ్లు, ఎడ్ల కాడి, ఒక ఆయిలింజను, ఊరి పిండిగిర్ని రాళ్లు. పాత స్కూల్ బిల్డింగుల ఒక రూము ఇచ్చిన్రు, ఒక లీడర్ సారు పైసలు ఇప్పిచ్చిండు, సున్నాలు ఏసినం, టైల్స్ ఏసినం, రిబ్బన్ కట్ చేసినం, పేపర్ల ఫొటో గూడ వచ్చింది. అందరికి మస్తు సంబురమైంది.

గప్పటిదాక మంచిగనే ఉండె. ఓపెనింగ్ అయినంక తెల్లారి ఎవరు తాళం తియ్యాలె అన్నది మేం ఆలోచన చెయ్యలే. కరెంటు బిల్లు ఎవలు కట్టాలె? వాచ్‌మన్ ఎవలు? పంచాయతోళ్లు మాకు మల్టీపర్పస్ వర్కర్లకు జీతాలియ్యనీకే పైసల్లేవు అన్నరు, అది నిజమే. మూడు నెలలు నేను నా జేబుల నుంచి కట్టిన. తర్వాత పనికని దుబాయి పోయిన. రెండేండ్లకు వచ్చి చూస్తే తాళం ఉన్నది గని కిటికి ఊచలు వంచి ఇంజనుల గన్‌మెటల్ బుష్షులు, ఇత్తడి పైపులు, ఇంజను నంబరున్న ఇత్తడి పలక అన్ని పీకుకపోయిన్రు. తోలు తొండం ఎలుకలు కొట్టినయి. నా మనసుకు తోలుదే ఎక్కువ బాధైంది, బుష్షు మళ్ల చేపియ్యొచ్చు, గా తొండం కుట్టిన మనిషి ఇప్పుడు లేడు, గట్ల కుట్టేటోళ్లు గూడ మా దిక్కు లేరు.

అటెన్క 2024 ఫిబ్రవరిల పాలకవర్గాలు దిగిపోయి స్పెషల్ ఆఫీసర్లు వచ్చిన్రు. ఎలక్షన్లు కాలే గన్క కేంద్రం గ్రాంటు ఆగింది, 2025 డిసెంబరుల ఎలక్షన్లు అయ్యేదాక ఎవల్ని అడిగినా ఇప్పుడు కాదు అన్నదే జవాబు. గందుకే చెప్తున్న, పంచాయతీ పైసల మీద కట్టు గని పంచాయతీ పైసల మీద బతుకుత అనుకోకు. నెలకు ఎంత ఖర్చొస్తదో ముందే రాస్కో, ఆయిలు, గ్రీసు, కరెంటు, ఊడ్చేటామెకు ఇచ్చేది. గా లెక్కకు రెండేండ్ల పైసలు బ్యాంకుల పడ్డంకనే తాళం తియ్యి.

ఇంకోటి. సామాను ఇచ్చినోళ్లతోని కాయితం రాపిచ్చుకో. మా దగ్గర ఒక ముసలాయన కాడి ఇచ్చిండు, ఆయన పోయినంక కొడుకులు వచ్చి అది మా నాయినది అని పట్కపోయిన్రు. దానంగ ఇచ్చిండా, చూపెట్టనీకి ఇచ్చిండా అనేది ఆయన బతికున్నప్పుడే కాయితం మీద ఉండాలె.

—

డెల్టా_కుర్రోడు:

కార్యదర్శి గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్ సార్. ఫ్లోర్ బెడ్డు గురించి నేను అసలు ఆలోచించలేదు. మోటబాయి అన్నా, మీ తొండం సంగతి చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్లి ఇంజన్ల మీదున్న నంబరు పలకలన్నీ విప్పి ఇంట్లో బీరువాలో పెట్టాను, ఫొటోలు తీసి ప్రింట్ వేసి ఇంజన్ల మీద అంటించాను. కాగితాలు కూడా ఈ ఆదివారం నుంచి మొదలుపెడతా, 19లో 8 మాత్రమే నావి.

కాలవగట్టు గారూ, మీరు అన్నది తప్పు కాదు. మా ఊళ్లో కూడా పడమటి వీధి డ్రైన్ సగంలో ఆగింది. గ్రామసభలో నేను ముందు దాని గురించే మాట్లాడతాను, అది తేలాకే మా కాగితం పెడతాను. కానీ ఒక్క విషయం చెప్పనివ్వండి. ఆ మిల్లులో పని చేసినవాళ్లు ఎక్కువమంది మీరు చెప్పిన లాంటి వీధుల వాళ్లే. వడ్లు ఎత్తినవాళ్లు, తవుడు జల్లించిన ఆడవాళ్లు, ఇంజను డ్రైవరు, అందరూ. మా తాత పేరు మిల్లు గోడ మీద ఇప్పటికీ ఉంది, ఇరవై ఆరేళ్లు ఆ ఇంజను నడిపిన డ్రైవరు పేరు ఎక్కడా లేదు. ఆయన ఉన్నారింకా, కళ్లు సరిగా కనపడవు కానీ చెయ్యి పెట్టి తడిమి ఏ నట్టు లూజుగా ఉందో చెబుతారు. నేను పెట్టే బోర్డు మీద ఆయన పేరు ఉండాలి, నా కోరిక అది. మా కుటుంబం గొప్పకి పెట్టే షెడ్డు అయితే మీకంటే ముందు నేనే వద్దంటాను.

—

కాలవగట్టు:

ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది బ్రదర్. గ్రామసభలో కూడా ఆ డ్రైవరు గారినే మాట్లాడనివ్వండి. మా నాన్న కూడా మిల్లులో బస్తాలు మోసినవాడే, మెడ మీద కాయ ఉండేది. డ్రైన్ సంగతి మర్చిపోకండి, కానీ మీది ఆపమని ఇంక అనను.

—

స్టాక్‌పోర్ట్_తెలుగు:

నేను మాంచెస్టర్ పక్కన ఉంటాను, మాది భీమవరం. ఇక్కడికి దగ్గర్లో పాయింటన్ అనే ఊళ్లో ఆన్సన్ ఇంజన్ మ్యూజియం అని ఉంది, పాత బొగ్గు గని స్థలంలో పెట్టారు. మొదటిసారి వెళ్లినప్పుడు అక్కడ ఇంజను ఆడుతున్న శబ్దం విని మా మావయ్య చెరువు గట్టు మీద నించున్నట్టే అనిపించింది. మనం లిస్టర్, రస్టన్ అంటాం కదా, లిస్టర్‌ది గ్లాస్టర్‌షైర్‌లో డర్స్లీ అనే చిన్న ఊరు, రస్టన్ లింకన్‌ది. ఇక్కడివాళ్లకి రాజ్‌కోట్‌లో అదే నమూనా ఇంజన్లు ఇంకా చేస్తారని చెబితే మొహాలు వెలిగిపోతాయి.

మీకు పనికొచ్చే మాట ఒకటి. ఇక్కడ ఇలాంటి మ్యూజియాలు నడిచేది ఎక్కువగా వాలంటీర్లతో, అరవై దాటిన ఫిట్టర్లు, డ్రైవర్లు వచ్చి చేస్తారు. కౌన్సిల్ (ఇక్కడి స్థానిక సంస్థ) అంటే నగదు ఇస్తుందని మనం అనుకుంటాం, కానీ ఇంగ్లండులో చారిటీగా రిజిస్టర్ అయిన సంస్థకి ఆస్తి పన్ను లాంటి బిజినెస్ రేట్స్‌లో 80 శాతం తగ్గింపు చట్టం ప్రకారమే వస్తుంది, మిగతా 20 కూడా మాఫీ చేయాలా వద్దా అన్నది కౌన్సిల్ ఇష్టం. అలా ఒక్క రూపాయి చేతికివ్వకుండానే ఏటా ఎంతో కొంత ఆదా చేసి పెడుతుంది. కార్యదర్శి గారు కప్పు అడుగు, మీటరు అడుగు అన్నది ఇదే. ఏటా వచ్చే ఖర్చు తగ్గించే సాయం ఒకసారి వచ్చే చెక్కు కంటే మేలు.

ఇంకా, రోజూ తెరవాలని పట్టుబట్టకండి. ఇంజన్లు ఆడించే రోజులు అని కొన్ని ముందే ప్రకటించి ఆ రోజే జనాన్ని పిలవండి. ఆగిపోయిన ఇంజను ఒకసారి చూసి వెళ్లిపోతారు, ఆడే ఇంజను దగ్గర పిల్లలు గంటసేపు నించుంటారు. మీకు సంక్రాంతి ఉంది, ఏరువాక పున్నమి ఉంది, ఇంకేం కావాలి.

—

ఐటీఐ_డీజిల్:

నేను ఐటీఐలో మెకానిక్ డీజిల్ ట్రేడు చెబుతానండి. మా కుర్రాళ్లకి ఇప్పటి కామన్ రైల్ ఇంజను విప్పి చూపిస్తే అంతా సెన్సార్లు, మూసేసిన డబ్బాలు, ఏం అర్థం కాదు. అదే లిస్టర్ అయితే నిమిషానికి 650 చుట్లు, వాల్వు ఎప్పుడు లేస్తోందో, వేగాన్ని అదుపు చేసే గవర్నరు ఎలా పట్టుకుంటోందో కంటితో కనిపిస్తుంది. మీ దగ్గర్లోని ఐటీఐ ప్రిన్సిపాల్‌ని అడగండి, బ్యాచ్‌ని పంపిస్తే వాళ్లకి ప్రాక్టికల్ అవుతుంది, మీకు ఇంజను రిపేరవుతుంది.

రెండు జాగ్రత్తలు. ఆడించే ప్రతి ఇంజనుకీ బెల్టు దగ్గర, ఫ్లైవీలు దగ్గర ఇనప జాలీ పెట్టండి, ఒక్క ఆడపిల్ల ఓణీ చిక్కుకుంటే చాలు మీ మ్యూజియం ఆ రోజుతో అయిపోతుంది. ఎస్టిమేట్‌లో ఆ జాలీలు కూడా రాయించండి. రెండోది, ఉప్పుడు బియ్యం మిల్లుల్లోంచి ఎవరైనా పాత బాయిలర్ ఇస్తామంటే తెచ్చి పెట్టుకోండి కానీ సరదాకి కూడా మంట పెట్టకండి. 1923 నాటి చట్టం పోయి 2025లో కొత్త బాయిలర్ల చట్టం వచ్చింది, అయినా పద్ధతి అదే, రిజిస్ట్రేషనూ ఇన్‌స్పెక్టరు సర్టిఫికెట్టూ లేకుండా ఆవిరి ఎక్కించకూడదు. తుప్పు పట్టిన ప్లేటు లోపల ఎంత పలచబడిందో బయటకి తెలియదు.

—

రిటైర్డ్_కార్యదర్శి:

కంపెనీలని అడగమని ఒకరు అన్నారు కదా, అది రాయడం మర్చిపోయాను. కంపెనీల చట్టం 2013 ఏడో షెడ్యూల్‌లో వారసత్వ సంపద, కళలు, సంస్కృతి పరిరక్షణ ఉంది కాబట్టి సీఎస్ఆర్ సొమ్ము, అంటే కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టేది, అడగొచ్చు. కానీ మీ సొసైటీకి ఆదాయపన్ను శాఖ ఇచ్చే సేవా సంస్థ రిజిస్ట్రేషన్లు (పాత చట్టంలో 12ఏ, 80జీ అనేవాళ్లు) ఉండాలి, సీఎస్ఆర్-1 ఫారం వేసి నంబరు తెచ్చుకోవాలి. సొసైటీ రిజిస్టర్ అవ్వగానే ఆడిటర్ దగ్గరికి వెళ్లి ఇవి మొదలుపెట్టండి. రెండేళ్ల ఖర్చు బ్యాంకులో వేసుకో అని జగిత్యాల ఆయన అన్నాడే, దానికి ఇదే దారి.

లైబ్రరీ దారి కూడా ఒకసారి ఆలోచించండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తాం, అది జిల్లా గ్రంథాలయ సంస్థకి పోతుంది. మ్యూజియానికి అలాంటి సెస్సు ఏదీ లేదు. మీ ఊరి శాఖా గ్రంథాలయం అద్దె గదిలో ఉంటే, ఆ మూడు గదుల్లో ఒకటి వాళ్లకి ఇప్పించమని తీర్మానంలోనే కలపండి. లైబ్రేరియన్ రోజూ తాళం తీస్తాడు, మనుషులు వస్తూ పోతూ ఉంటారు, దొంగ భయం సగం తగ్గుతుంది.

—

డెల్టా_కుర్రోడు:

అప్‌డేట్. సార్, మీరు చెప్పినట్టే లైబ్రరీ గురించి కనుక్కున్నాను, మా ఊరి శాఖ ఒక షాపు మేడ మీద అద్దెకి ఉంది! లైబ్రేరియన్ గారు మాట వినగానే కింద గది అయితే ముసలివాళ్లు కూడా పేపరు చదువుకోవడానికి వస్తారు అని వెంటనే ఒప్పుకున్నారు, జిల్లా ఆఫీసుకి లెటర్ పెడతానన్నారు. మా కార్యదర్శి గారికి మీ మెసేజ్ ప్రింట్ తీసి ఇచ్చాను, 21వ అంశం కింద గీత గీసుకుని ఫైల్లో పెట్టుకున్నారు. ఏఈ గారు వచ్చే వారం వస్తామన్నారు. సొసైటీకి ఏడుగురు దొరికారు, అందులో ఇద్దరు అవతలి పార్టీ, ఒకరు తవుడు జల్లించిన ఆమె కూతురు.

గ్రామసభలో మాట్లాడతారా అని డ్రైవరు తాత గారిని అడిగితే నేనేం మాట్లాడతాను బాబూ, ఇంజను తీసుకురా, స్టార్ట్ చేసి చూపిస్తాను అన్నారు. అందుకని చిన్న లిస్టర్‌ని ట్రాలీ మీద బిగిస్తున్నా.

బాబాయిలు సంక్రాంతి దాకా టైమ్ ఇచ్చారు, ఆ లోపు రస్టన్‌ని మిల్లులోంచి బయటకి తియ్యాలి. గోడ కొట్టకుండా తీసే దారి ఎవరైనా చెప్పగలరా, ఫ్లైవీలు విడిగా వస్తుంది కానీ దాన్ని షాఫ్టుకి బిగించే చీల (గిబ్ కీ) ఏళ్ల తరబడి తుప్పు పట్టి కదలట్లేదు. డీజిల్ పోసి నానబెట్టి పది రోజులైంది. తెనాలి, గుంటూరు వైపు 5 టన్నుల చైన్ పుల్లీ అద్దెకి ఇచ్చేవాళ్లు తెలిసినా చెప్పండి.